అరకు చూసొస్తాం సరే, అరకుకు ఏం మిగులుతోంది?

కార్తీకమాసం వచ్చేసరికి అరకు లోయలో పొలాలు పసుపుపచ్చగా మారిపోతాయి. అవి వలిసె పూలు. నూనె గింజల కోసం కొండవాళ్ళు తరాలుగా వేసుకుంటున్న పంట. ఫోన్లలో కెమెరాలు లేని రోజుల్లో బండి ఆపి దిగి చూసినవాళ్ళు తక్కువ. ఇప్పుడు విశాఖ నుంచి వచ్చే కార్లు రోడ్డు పక్కన వరుసగా ఆగుతాయి. జనం చేలోకి దిగి ఫొటోలు తీసుకుంటారు. మొక్కలు తొక్కేస్తుంటే చూసి చూసి, కొందరు రైతులు చేనుకు అడ్డంగా తాడు కట్టి మనిషికి ఇంత అని తీసుకోవడం మొదలుపెట్టారు. నడవడానికి ఒక బాట వదిలారు. మిగతా చేనులో కాలు పెట్టకూడదు.

అక్కడ రెండు పనులు ఒకేసారి జరుగుతున్నాయి. చూడ్డానికి వచ్చినవాళ్ళ డబ్బు మధ్యలో ఎవరూ లేకుండా నేరుగా రైతు చేతికి వెళ్తోంది. ఎక్కడిదాకా రావచ్చో చెప్పేది కూడా ఆ రైతే. అరకులో, ఆ మాటకొస్తే దేశంలో ఏ కొండ ప్రాంతంలోనైనా, మిగతా పర్యాటకం ఇంత తేలిగ్గా ఉండదు. డబ్బు ఒకచోట, మాట చెల్లేది ఇంకోచోట ఉంటాయి.

ఈ విషయం మీద మన్యం ఒక్కసారిగా వేడెక్కింది 2025 మొదట్లో. విశాఖలో పర్యాటక పెట్టుబడుల సదస్సు జరిగినప్పుడు, ఏజెన్సీలో, అంటే గిరిజనుల షెడ్యూల్డ్ ప్రాంతాల్లో, రిసార్టులు రావాలంటే అక్కడి భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టాన్ని సవరించాలన్న మాట వచ్చింది. ఫిబ్రవరిలో అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఆదివాసీ సంఘాలు 48 గంటల బంద్ చేశాయి. ఆ చట్టం జోలికి వెళ్ళబోమని ముఖ్యమంత్రి ప్రకటించాక వేడి కొంత చల్లారింది. కానీ ఆ గొడవలో చాలామందికి అసలు చిక్కు ఏమిటో అర్థం కాలేదు. టూరిజం వస్తే మంచిదే కదా, సంస్కృతి నిలబడుతుంది కదా, మరి ఎందుకీ బంద్ అన్నారు. ఆ ముడి ఎక్కడ పడిందో మొదటి నుంచి చూద్దాం.

అడవిలో హోటల్ కడితే ఎకోటూరిజం అయిపోదు

ఎకోటూరిజం అనే మాట ఇప్పుడు ప్రతి బోర్డు మీదా కనిపిస్తుంది. చుట్టూ చెట్లుండి, గది గోడకు వెదురు తడికలు కొట్టి ఉంటే చాలు, పేరు పెట్టేస్తున్నారు. అంతర్జాతీయ ఎకోటూరిజం సొసైటీ 1990లో ఇచ్చిన నిర్వచనం మాత్రం ఒక ప్రయాణాన్ని అలా పిలవడానికి గట్టి షరతులే పెట్టింది. ప్రకృతి ఉన్న చోటికి బాధ్యతగా వెళ్ళాలి, ఆ ప్రకృతి నిలబడాలి, అక్కడి జనం బాగుపడాలి. 2015లో నిర్వచనాన్ని సవరించినప్పుడు ఇంకో షరతు చేర్చారు: వచ్చినవాళ్ళకు ఆ చోటు గురించి తెలియజెప్పాలి, అంటే అది చదువు కూడా కావాలి.

ఈ కొలతతో పాడేరు దగ్గరి వంజంగి కొండను కొలిచి చూడండి. తెల్లవారుజామున మేఘాలు కాళ్ళ కింద పాలసముద్రంలా పరుచుకునే చోటు అది. ఆ దృశ్యం ఫోన్లలో పాకిపోయాక శీతాకాలం వారాంతాల్లో జనం వేలల్లో ఎక్కుతున్నారు. ప్రకృతి ఉన్న చోటు, నిజమే. మరి ఎండ ఎక్కాక కొండ దిగివచ్చే దారిలో కనపడేవి నీళ్ళ సీసాలు, బిస్కెట్ పొట్లాలు, టీ కప్పులు. కింద ఊరివాళ్ళకు టీ కొట్లు, పార్కింగ్, టెంట్ల మీద కొంత ఆదాయం వస్తోంది. దాన్ని తక్కువ చేసి చూడకూడదు. కొండ పేరు వెనక కథ ఏమిటి, ఆ ఊళ్ళో ఉండేదెవరు, ఏం పండిస్తారు అన్నది మాత్రం ఎక్కేవాళ్ళలో దాదాపు ఎవరికీ తెలియదు. అంటే వంజంగిలో ఇప్పుడు జరుగుతున్నది ప్రకృతి పర్యాటకం. అది ఎకోటూరిజం కావడానికి ఇంకా చాలా దూరం ఉంది.

బొర్రా గుహల్లో తెలియజెప్పడం అనే ముక్క కొంత బాగా కనిపిస్తుంది. అక్కడ టార్చి పట్టుకుని దారి చూపించేది ఎక్కువగా చుట్టుపక్కల ఊళ్ళ కుర్రాళ్ళే. కొండమీద మేస్తున్న ఆవు కన్నంలోంచి గుహలో పడిపోయిందని, వెతుక్కుంటూ దిగిన కాపరికి లోపల శివలింగం కనిపించిందని, ఆ ఆవు పేరు మీదే గోస్తనీ నది అయిందని చెబుతారు. ఆ కథ వాళ్ళ నోట వినడం వేరు, బోర్డు మీద చదవడం వేరు.

థింసా ఎవరి కోసం ఆడతారు

ఇక సంస్కృతి. వారసత్వం అనగానే మనకు పాత గుడి, శిల్పం, మ్యూజియం గుర్తొస్తాయి. కొండ ప్రాంతాల్లో ఉన్న వారసత్వంలో ఎక్కువ భాగం రాతిలో లేదు. పాటలో, పండుగలో, విత్తనాలు దాచుకునే తీరులో, భాషలో ఉంది. యునెస్కో 2003 ఒప్పందం ఇలాంటి కళలను, ఆచారాలను కూడా వారసత్వంగా గుర్తించింది. వాటిని కాపాడడం అంటే ఉన్నది ఉన్నట్టు గాజుపెట్టెలో పెట్టడం అని ఆ ఒప్పందం చెప్పదు. ఒక తరం నుంచి ఇంకో తరానికి అందుతూ ఉండాలి, అందే క్రమంలో మారినా ఫర్వాలేదు అంటుంది. ఈ తేడా చాలా ముఖ్యం.

ఇక్కడి గిరిజనుల బృంద నృత్యం థింసానే తీసుకోండి. ఆడవాళ్ళు చేతులు వెనక నుంచి ఒకరివి ఒకరు పట్టుకుని, వరుసగా అడుగులు వేస్తూ పాములా మెలికలు తిరుగుతూ సాగుతారు. డప్పు, తుడుము, మోరి, కిరిడి, జోడు కొమ్ములు మోగుతుంటాయి. బయటివాళ్ళకు అది ఒకే నృత్యం. ఆడేవాళ్ళకు మాత్రం ఒక్కో సందర్భానికి ఒక్కో థింసా ఉంది. గ్రామదేవతను కొలిచేది బోడ థింసా. ఆకులు కోసే పనిని చూపేది పొటార్ తోలా. పులి వస్తే ఎలా తప్పించుకోవాలో చెప్పేది బాగ్ థింసా. నాటికారి థింసాను వాల్మీకి తెగవాళ్ళు దీపావళికి ఆడతారు. ఏ ఊళ్ళో ఆడుతున్నారో, ఎందుకు ఆడుతున్నారో, ఏ నెలలో ఆడుతున్నారో తీసేస్తే వీటి మధ్య తేడా పోతుంది.

ఒకసారి ఒక రిసార్టులో రాత్రి భోజనాల ముందు థింసా చూశాను. చలిమంట వేశారు. పదిహేను మంది ఆడవాళ్ళు ఒకే రంగు చీరల్లో వచ్చారు. పావుగంట ఆడాక అతిథులు కూడా వరుసలో కలిశారు. అందరికీ సరదాగానే ఉంది. ఆట అయ్యాక వెళ్ళి, ఏ థింసా ఆడారని ఒకావిడను అడిగాను. ఆవిడ పక్కావిడ వైపు చూసి నవ్వింది. "ఇక్కడికొస్తే ఇదే ఆడతాం. మా ఊళ్ళో పండక్కి ఆడేది వేరు, అది పొద్దుపోయేదాకా అవదు" అంది. డబ్బులు బాగానే ఇస్తారా అంటే, మేళం వాళ్ళతో కలిపి అందరూ పంచుకోవాలి కదా అంది.

దీన్ని రెండు రకాలుగా అర్థం చేసుకునేవాళ్ళున్నారు. ఒకరి మాట: ఇది సంస్కృతిని సరుకుగా మార్చడం. ఆచారంలోంచి ఊడబెరికి పావుగంట ముక్క చేశాక, పిల్లలు నేర్చుకునేది ఆ ముక్కే అవుతుంది, పండుగ థింసా కొన్నాళ్ళకు పోతుంది. రెండోవాళ్ళ మాట: కూలి పనికి విశాఖ వెళ్ళిపోయే కుర్రదానికి థింసా వస్తే రాత్రికి కొంత డబ్బు వస్తుందని తెలిస్తే, నేర్చుకోవడానికి ఒక కారణం దొరుకుతుంది. అదీ లేకపోతే మొత్తానికే పోతుంది.

నాకు రెండోవాళ్ళ మాటలో చాలా నిజం కనిపిస్తుంది, ఒక షరతు మీద. ఆవిడ చెప్పినట్టు "మా ఊళ్ళో ఆడేది వేరు" అన్న గీత ఉన్నంతకాలం రిసార్టు థింసా వల్ల ప్రమాదం తక్కువ. ఏది అమ్మాలో, ఏది అమ్మకూడదో ఆడేవాళ్ళకు తెలుసు కాబట్టి. సాయంత్రం బస్సు వచ్చే వేళకు పండుగను ముందుకు జరపాల్సి వచ్చిన రోజున ఆ గీత చెరిగిపోతుంది.

ఎనిమిది వేల తేడా కాదు, చేతుల తేడా

ఆదాయం వస్తోంది కదా అన్నప్పుడు, ఎవరికి ఎంత అన్నది లెక్కేసి చూడాలి. కింద వేసిన అంకెలు నేను ఉదాహరణకు అనుకున్నవి. ఊళ్ళనుబట్టి, సీజన్‌నుబట్టి మారతాయి.

నలుగురున్న కుటుంబం రెండు రోజులకు అరకు వెళ్ళి 20,000 రూపాయలు ఖర్చు పెట్టిందనుకుందాం. విశాఖలో మాట్లాడుకున్న కారుకు 8,000. ఆన్‌లైన్‌లో బుక్ చేసిన రిసార్టుకు 7,000. భోజనాలకు 3,500. కాఫీ పొడి, బొమ్మలకు 1,000. థింసాకు 500. ఇందులో కారు డబ్బు విశాఖకు వెళ్ళిపోతుంది. రిసార్టు యజమాని మైదానం మనిషైతే, గదులు ఊడ్చేవాళ్ళ జీతాల రూపంలో ఒక 1,000 కొండమీద ఉంటుంది. కోళ్ళు, కూరగాయలు, నూనె కింద నుంచి వస్తే భోజనాల్లో 500 మిగులుతుంది. కొన్న వస్తువుల్లో 400. థింసా 500 పూర్తిగా ఉంటుంది. మొత్తం 2,400. అంటే నూటికి 12.

ఇంకో కుటుంబం కొత్తవలస-కిరండూల్ లైన్ మీద రైలెక్కి, సొరంగాలు లెక్కపెట్టుకుంటూ వెళ్ళిందనుకుందాం. రైలుకు 1,500. అరకులో స్థానికుడి జీపుకు 3,000. ఊళ్ళో హోమ్‌స్టేకు 3,000, అక్కడే భోజనాలకు 2,000. రైతుల సంఘం దగ్గర కాఫీకి 1,500. దారి చూపినవాడికి 1,000. మొత్తం 12,000. జీపులో డీజిల్ పోను 2,000, గది డబ్బులో బుకింగ్ కమిషన్ పోను 2,550, భోజనాల్లో 1,400, కాఫీలో 1,000, గైడుకు ఇచ్చిన 1,000 అక్కడే ఉంటాయి. మొత్తం 7,950. నూటికి 66.

రెండో కుటుంబం ఎనిమిది వేలు తక్కువ ఖర్చు పెట్టింది, కొండమీద మూడింతలకు పైగా వదిలింది. ఇలా వచ్చిన డబ్బు వచ్చినట్టే బయటికి వెళ్ళిపోవడాన్ని ఆర్థికవేత్తలు లీకేజీ అంటారు. మన మాటల్లో చిల్లు కుండ. ఎంత పోశారన్నది టూరిజం లెక్కల్లో కనిపిస్తుంది, ఎంత నిలిచిందన్నది కనిపించదు.

అయితే రిసార్టు వైపు కూడా చెప్పుకోవలసింది ఉంది. అరకుకు సీజన్ అంటే ప్రధానంగా అక్టోబర్ నుంచి జనవరి దాకా. హోమ్‌స్టేకు వానాకాలంలో అతిథి రాకపోతే ఆదాయం సున్నా. పెద్ద హోటల్ నెల జీతం ఇస్తే అది పన్నెండు నెలలూ వస్తుంది. ఇక రెండో లెక్కలో ఒక దాపరికం ఉంది. హోమ్‌స్టే పెట్టగలిగేది ఊళ్ళో ఎవరు? రోడ్డు పక్కన పక్కా ఇల్లు, బాత్‌రూమ్, స్మార్ట్‌ఫోన్ ఉన్నవాళ్ళు. ఊరి చివర పూరింట్లో ఉండే కుటుంబానికి అందులో వాటా ఎలా వస్తుంది? బయటివాళ్ళకూ ఊరికీ మధ్య ఉన్న తేడా ఊరి లోపల కూడా తలెత్తుతుంది. దీన్ని మాట్లాడుకోకుండా 'కమ్యూనిటీ టూరిజం' అని పేరు పెట్టేస్తే సరిపోదు.

1/70 చట్టం అడ్డా, అండా?

ఇక బంద్ దాకా తెచ్చిన చట్టం సంగతి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో భూమి బదలాయింపు మీద 1959లో వచ్చిన నిబంధనలను 1970లో గట్టిగా సవరించారు. ఆ సంవత్సరపు మొదటి రెగ్యులేషన్ కాబట్టి అందరూ 1/70 అంటారు. దాని సారం ఇది. ఏజెన్సీలో భూమి గిరిజనుడికి గానీ, గిరిజనుల సహకార సంఘానికి గానీ మాత్రమే బదిలీ కావాలి. గిరిజనేతరుడు తన దగ్గరున్న భూమిని ఇంకో గిరిజనేతరుడికి అమ్మడం కూడా చెల్లదు. గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, అది గిరిజనుడి నుంచి వచ్చిందనే చట్టం ముందుగా భావిస్తుంది. కాదని నిరూపించుకోవలసింది అతనే. 1988లో సుప్రీంకోర్టు ఈ చట్టం చెల్లుతుందని చెప్పింది.

మరి ప్రభుత్వ భూమి సంగతి? దానికి జవాబు బొర్రా దగ్గరే దొరికింది. మనం గుహలు చూడ్డానికి వెళ్ళే ఆ అనంతగిరి మండలంలో గనుల లీజులు ప్రైవేటు కంపెనీలకు ఇవ్వడం మీద సమత అనే సంస్థ కోర్టుకెక్కింది. 1997 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు ఇస్తూ, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వం కూడా గిరిజనేతర వ్యక్తి కిందికే వస్తుందని, తన భూమిని ప్రైవేటువాళ్ళకు లీజుకు ఇవ్వడం చెల్లదని చెప్పింది. సమత తీర్పుగా దేశమంతా చెప్పుకునేది ఇదే.

పెట్టుబడి పెట్టాలనుకునేవాళ్ళ వాదన ఇలా ఉంటుంది. మంచి వసతి లేక పర్యాటకులు పొద్దున వచ్చి సాయంత్రం వెళ్ళిపోతున్నారు. రాత్రి ఉంటేనే డబ్బు మిగులుతుంది. భూమి మీద హక్కు లేనిదే ఎవరూ కోట్లు పెట్టరు. గిరిజనుడే హోటల్ కడదామన్నా, తాకట్టు భూమిని బయటివాళ్ళకు అమ్మే వీల్లేదు కాబట్టి బ్యాంకులు పెద్ద అప్పులకు వెనకాడతాయి. ఇందులో చివరి ముక్క నిజమైన ఇబ్బంది. దానికి మందు వెతకాల్సిందే.

ఆదివాసీ సంఘాల జవాబు కూడా అంతే సూటిగా ఉంటుంది. చట్టం ఉండగానే బినామీ పేర్ల మీద, నోటి ఒప్పందాల మీద ఇన్ని కట్టడాలు లేస్తుంటే, చట్టం సడలిస్తే ఏం మిగులుతుంది? భూమి పోయాక థింసా ఎక్కడ ఆడాలి, విత్తనాలకు పూజ చేసే ఇటుకల పండుగ ఏ గుట్ట మీద చేసుకోవాలి? గ్రామదేవత ఉన్న గుట్ట రిసార్టు కాంపౌండులోకి పోతే ఆ పండుగ కూడా పోతుంది.

నా మటుకు నాకు రెండో వాదనే బలంగా కనిపిస్తుంది. ఎందుకంటే ఈ చట్టం హోమ్‌స్టేలను, గిరిజనుల సంఘాలు నడిపే విడిదులను ఆపడం లేదు. ఆపుతున్నది భూమి చేతులు మారడాన్ని. అప్పు దొరకని ఇబ్బందికి గిరిజన సహకార సంఘాలకు హామీతో రుణం ఇవ్వడం లాంటి దారులున్నాయి. అప్పు పుట్టడం లేదని భూమినే చేజార్చుకోమనడం న్యాయం కాదు.

చేట కొనేవాళ్ళు, బొమ్మ కొనేవాళ్ళు

హస్తకళల విషయానికి వద్దాం. అరకు సంతకు వెళ్తే వెదురుతో అల్లిన చేటలు, తట్టలు, గంపలు కనిపిస్తాయి. చేట కొనే ఆవిడ ముందు దాని అంచు మీద అరచెయ్యి ఆనించి రాస్తుంది, కట్టు గుచ్చుకుంటుందేమోనని. తరవాత వెలుతురుకు ఎత్తి చూస్తుంది, గింజ జారే సందు ఉందేమోనని. నచ్చకపోతే అల్లినావిడ ముఖం మీదే చెప్పి పక్కకు పోతుంది. ఈ బేరం ఉన్నంతకాలం అల్లిక నాణ్యత తగ్గదు, ఎందుకంటే కొనేవాళ్ళకు చేట అంటే ఏమిటో తెలుసు.

అదే సంతలో టూరిస్టు ఆ చేటను చూసి గోడకు తగిలిస్తే బాగుంటుందనుకుంటాడు. అతనికి చిన్నది కావాలి, రంగు కావాలి, కారు డిక్కీలో పట్టాలి. గింజ జారినా ఫర్వాలేదు. అల్లినావిడకు టూరిస్టు ఎక్కువే ఇస్తాడు. కొన్నేళ్ళు ఇలా గడిస్తే ఆమె కూతురు రంగు చేటలు మాత్రమే అల్లుతుంది. కళ నిలబడిందా, పోయిందా? రెండూ కొంత నిజం. అందుకే హస్తకళలను బతికించే పనిలో ఉన్నవాళ్ళు స్థానిక గిరాకీ, బయటి గిరాకీ రెండూ ఉండాలంటారు. మొదటిది నైపుణ్యాన్ని, రెండోది ఇల్లును నిలబెడుతుంది.

ఉత్తరాంధ్ర సవర గిరిజనుల గోడ చిత్రాల్లో ఈ మార్పు ఇంకా లోతుగా జరిగింది. అవి అలంకారం కోసం వేసినవి కావు. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసినా, పితృదేవతలు అలిగారనుకున్నా, పూజారి చెప్పిన ప్రకారం ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో గీసేవాళ్ళు. చుట్టూ ఇల్లులా ఒక చట్రం, లోపల మనుషులు, జింకలు, చెట్లు, సూర్యచంద్రులు. అది దేవతకు కట్టిన ఇల్లు. సరిహద్దుకు అవతల ఒడిశాలో ఇదే సంప్రదాయానికి చెందిన లాంజియా సవర చిత్రాలకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇప్పుడవి కాగితం మీద, గుడ్డ మీద, చీరల అంచుల మీద వస్తున్నాయి. దేవత లేని బొమ్మ అది. కానీ ఇవాళ ఆ గీత గీయగలిగిన యువకులు ఉన్నారంటే, అందులో ఈ కాగితం బొమ్మల వాటా ఉంది. సవర భాష కోసం జీవితం ధారపోసిన గిడుగు రామమూర్తి పంతులు ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు రాసిపెట్టినప్పుడు కూడా నోటిలో ఉన్నది కాగితం మీదికి రావడమే జరిగింది. నోట పలికేవాళ్ళు ఉన్నారు కాబట్టే ఆ కాగితానికి అంత విలువ.

భౌగోళిక గుర్తింపు అనగా జీఐ ట్యాగ్ గురించి కూడా చాలా అపోహలున్నాయి. జీఐ చట్టం 1999లో వచ్చింది, 2003లో అమల్లోకి వచ్చింది. ఒక ప్రాంతానికి చెందిన గుణం ఉన్న వస్తువు పేరును బయటివాళ్ళు వాడుకోకుండా అది కాపాడుతుంది, పదేళ్ళకోసారి పునరుద్ధరించుకోవాలి. అంతవరకే. అది ధర నిర్ణయించదు, లాభంలో ఎవరి వాటా ఎంతో చెప్పదు. పైగా ఒక్కో ఉత్పత్తిదారుడు అధీకృత వినియోగదారుగా విడిగా నమోదు కావాలి. కాకపోతే, ట్యాగ్ తన వస్తువుకే వచ్చినా దాన్ని వాడుకునే హక్కు అతనికి రాదు.

అరకు వ్యాలీ అరబికా కాఫీకి 2019లో జీఐ వచ్చింది. కాఫీ కొండవాళ్ళ పురాతన పంట కాదు. అడవి నరికి చేసే పోడు సాగుకు బదులుగా ప్రభుత్వ సంస్థలు 1960ల నుంచి తోటలు పెంచుతూ, పెంచిస్తూ వచ్చాయి. సిల్వర్ ఓక్ నీడలో కాఫీ, ఆ చెట్లకే అల్లుకున్న మిరియం, ఇప్పుడు మన్యానికి అదే ముఖం. వారసత్వం అంటే పాతదే కానక్కర్లేదని చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు. గిరిజన సహకార సంస్థ, రైతుల సంఘాలు కొన్న గింజకు కొంత మంచి ధర వస్తోంది. అదే సమయంలో రోడ్డు పక్క కొట్లలో 'అరకు' అని రాసిన పొట్లాల్లో ఉన్న పొడి ఎక్కడి తోటదో అడిగేవాళ్ళు లేరు.

ఏటికొప్పాక బొమ్మలది ఇంకో పాఠం. ఆ ఊరు కొండ మీద లేదు, వరాహ నది ఒడ్డున ఉంది. కానీ బొమ్మకు కావలసిన అంకుడు కర్ర అడవిది. లేత్ మీద కర్ర తిరుగుతుంటే రంగు లక్కను అదిమి పట్టుకుంటారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. తరవాత మొగలి ఆకుతో అదిమి నునుపు తేలుస్తారు. గింజలు, ఆకులు, బెరళ్ళ నుంచి రంగులు తీయడాన్ని మళ్ళీ నిలబెట్టిన సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది, బొమ్మలకు 2017లోనే జీఐ వచ్చింది. ఇంత పేరు వచ్చాక కూడా అంకుడు కర్ర దొరకడమే పెద్ద సమస్య. అడవిలో చెట్టు పెంచే పని, కోసుకునే అనుమతి, బొమ్మ చేసే చెయ్యి మూడూ వేర్వేరు చోట్ల ఉన్నాయి. అవార్డులు మూడోదానికి వస్తాయి, కొరత మొదటిదాంట్లో ఉంది.

బొంగు చికెన్ లెక్క, మోయగలిగినంత

ఇదే సంగతి బొంగు చికెన్‌లో రోజూ కనిపిస్తుంది. అడవికి వెళ్ళినప్పుడు గిన్నె మోసుకెళ్ళే పని లేకుండా, పచ్చి వెదురు కణుపులో మాంసం కూరి, ఆకుతో మూతి బిగించి, నిప్పుల మీద కాల్చుకునే పద్ధతి అది. వెదురులోని తడే మాంసాన్ని ఉడికిస్తుంది కాబట్టి పచ్చిదే కావాలి. ఒక కణుపు ఒక్కసారికే పనికొస్తుంది. ఎప్పుడో ఒకసారి అడవిలో చేసుకున్నప్పుడు ఏ ఇబ్బందీ లేదు. సీజన్‌లో దారి పొడవునా బళ్ళ మీద, రోజూ, వందల్లో కాలిస్తే పొద ఎంత త్వరగా మళ్ళీ లేస్తుందన్నది ముందుకొస్తుంది. తట్టలు అల్లేవాళ్ళకు కావలసింది కూడా ఆ పొదే.

ఒక చోటు ఎంతమందిని మోయగలదో అన్నదాన్ని ధారణ సామర్థ్యం అంటారు. భూటాన్ దీన్ని రుసుముతో కొలుస్తుంది. విదేశీయుడు రాత్రికి 100 డాలర్లు, భారతీయుడు 1,200 రూపాయలు సుస్థిరాభివృద్ధి రుసుము కట్టాలి. డబ్బున్నవాళ్ళకే కొండలు చూసే హక్కా అనే విమర్శ దాని మీద ఉంది, అది సరైన విమర్శే. నాగాలాండ్‌లోని ఖోనోమా ఇంకో దారి పట్టింది. వేటకు పేరుపడ్డ ఆ అంగామీ నాగా ఊరు తానే కూర్చుని మాట్లాడుకుని 1998లో వేట మానేసి అడవిని అభయారణ్యంగా ప్రకటించుకుంది. పర్యాటకులు ఊళ్ళోకి రావాలంటే ఊరికే రుసుము కడతారు. అక్కడ గేటు ఊరిది.

గేటు దగ్గర ఎవరు నిలబడాలి

మన దగ్గర ఆ పని చేయడానికి చట్టం లేక కాదు. షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల కోసం వచ్చిన 1996 పెసా చట్టం ప్రకారం, తమ సంప్రదాయాలను, సాంస్కృతిక గుర్తింపును, ఉమ్మడి వనరులను కాపాడుకునే అధికారం గ్రామసభకు ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో దీనికి 2011లో నిబంధనలు వచ్చాయి. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తిగా చెప్పి దాని మీద హక్కు గిరిజనులకు ఇచ్చింది. తమ సాంస్కృతిక, సహజ వారసత్వానికి హాని చేసే పనులను అడ్డుకునే బాధ్యత కూడా గ్రామసభకే అప్పగించింది. అంటే బొంగు చికెన్‌కు ఏడాదికి ఎంత వెదురు కొయ్యాలి, వంజంగి మీదికి రోజుకు ఎంతమంది ఎక్కాలి అన్నవి గ్రామసభ కూర్చుని మాట్లాడుకోగలిగిన విషయాలే.

ఆచరణలో గేటు దగ్గర ఎక్కువగా నిలబడుతున్నది శాఖలు. మారేడుమిల్లి దగ్గర వలమూరులో వన సంరక్షణ సమితి నడిపే అడవి విడిది ఉంది. అక్కడి ఊరివాళ్ళే వండి పెడతారు, అడవి చూపిస్తారు. మంచి ప్రయత్నం. కానీ వన సంరక్షణ సమితిని ఏర్పాటు చేసేది అటవీశాఖ, గ్రామసభ హక్కు చట్టం నుంచి నేరుగా వచ్చింది. రెండూ ఒకే మనుషులతో నిండి ఉండవచ్చు, కానీ కాదనే హక్కు ఒకదానికే గట్టిగా ఉంది. అటవీశాఖ వైపు నుంచి వచ్చే వాదన కూడా వినాలి: శిక్షణ, పరిశుభ్రత, లెక్కలు, అడవి మంటల మీద నిఘా ఊరి చేతికి ఒక్కసారిగా వదిలేస్తే చెయ్యలేరు అంటారు. మొదటి కొన్నేళ్ళకు అది నిజం కావచ్చు. ఎన్నేళ్ళకు అప్పగిస్తారన్నది ముందే రాసుకుంటే ఆ వాదనకు బలం వస్తుంది.

చైత్రంలో, ఎండలు ముదిరి పర్యాటకులు పలచబడ్డాక, మన్యం ఊళ్ళలో ఇటుకల పండుగ వస్తుంది. విత్తనాలకు పూజ చేస్తారు, మగవాళ్ళు అడవికి వేటకు వెళ్తారు, ఆడవాళ్ళు పొద్దుపోయేదాకా థింసా ఆడతారు. ఆ రోజుల్లో అరకు, పాడేరు దారుల్లో వెళ్తే ఊరూరా రోడ్డుకు అడ్డంగా వెదురు బొంగు పెట్టి ఉంటుంది. ఆడవాళ్ళు, పిల్లలు పాడుతూ వచ్చి బండికి అడ్డం నిలబడి పండుగ డబ్బులు అడుగుతారు. ఆలస్యమవుతోందని కొందరు డ్రైవర్లు విసుక్కుంటారు, ఇదేం వసూలని కొందరు గొడవపడతారు. వాళ్ళకది పండుగలో భాగం: ఈ రోజు ఈ దారిన పోయే ప్రతివాళ్ళూ ఊరి పండుగలో ఒక చెయ్యి వెయ్యాలి. పదో పాతికో ఇస్తే బొంగు పైకి లేస్తుంది, బండి ముందుకు సాగుతుంది.